137వ ర్యాంకు ఆటగాడు

(బొగ్గు గనుల ఊరు శ్రీరాంపూర్‌లో ఒక వ్యాయామోపాధ్యాయుని స్మారక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల మాస్టారి పేరు మీద స్మారకోపన్యాసం అంటే ఎవరో ఒక ఛాంపియన్ గురించి చెప్పడం రివాజు. కప్పులు, పతకాలు, చప్పట్లు. నన్ను పిలిచినవాళ్ళు కూడా అదే అనుకొని ఉంటారు. నేను మాత్రం సింగిల్స్‌లో ప్రపంచంలో 137వ ర్యాంకు దగ్గర ఆగిపోయిన ఒక తెలుగువాడి గురించి మాట్లాడదామని వచ్చాను. పేరు సాకేత్ మైనేని. మీలో కొందరు ఈ పేరు పేపర్లో ఆటల పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో చూసి ఉంటారు. చాలామంది విని ఉండరు. అతన్ని ఎంచుకున్నది అందుకే.

ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ సార్‌కు తెలిసిన ఆటలు కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్. టెన్నిస్ ఆయన చదువులో లేదు. అయినా మా బడిలో టెన్నిస్ ఆడించారు. వాలీబాల్ నెట్టును నడుముకు కాస్త పైదాకా దించి కట్టేవారు, మధ్యలో కుంగిపోకుండా ఒక వెదురు బద్ద పెట్టేవారు, ముగ్గుపిండితో గీతలు వేయించేవారు. ఒక క్లబ్బులో బొచ్చు రాలి పారేసిన బంతులు మాకు కొత్త బంతులు. ఆ క్లబ్బు కోర్టులో కార్మికుల పిల్లలకు ఉన్న పని బంతులు అందించడం ఒక్కటే. సార్ దాని మీద ఎవరితోనూ గొడవ పడలేదు. మట్టిలో మరో కోర్టు గీశారు, అంతే. మ్యాచ్ అయ్యాక గెలిచినవా ఓడినవా అని అడిగేవారు కాదు. "రేపు వస్తున్నవా?" అనేవారు. ఆటను కొలవడానికి ఆయన దగ్గర ఉన్న కొలబద్ద అదే. ఈ పూట నేను చెప్పబోయే ఆటగాడి వృత్తి జీవితాన్ని కూడా ఆ కొలబద్దతోనే చూడాలని నా మనవి.

ఉయ్యూరు నుంచి అలబామా

సాకేత్ 1987 అక్టోబర్ 19న కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టాడు. ఆట పెరిగింది విశాఖపట్నంలో. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి. ఆ ఎత్తు నుంచి దిగే సర్వీసే అతని ప్రధాన ఆయుధం. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో ఉన్నట్టు చుట్టూ టెన్నిస్ ఊపు ఉన్న ఊరు కాదు విశాఖ. పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో మన దగ్గర ప్రతి ఆటగాడి ఇంట్లోనూ వచ్చే ప్రశ్న అతని ఇంట్లోనూ వచ్చే ఉంటుంది: చదువా, ఆటా?

రెండూ కలిసే దారి ఒకటుంది. అమెరికా యూనివర్సిటీలు టెన్నిస్ ఆడేవాళ్ళకు స్కాలర్‌షిప్పులు ఇస్తాయి. ఫీజు భారం తగ్గుతుంది, కోచ్ ఉంటాడు, మంచి కోర్టులు ఉంటాయి, ఏడాది పొడవునా పోటీ ఉంటుంది. సాకేత్ అలా అలబామా యూనివర్సిటీకి వెళ్ళాడు. ఈ దారికి ఒక ఖరీదు ఉంది. అదేమిటంటే వయసు. రాఫెల్ నడాల్ పంతొమ్మిదేళ్ళకే ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాడు. సాకేత్ కాలేజీ ముగించి పూర్తిస్థాయి ప్రొఫెషనల్‌గా బరిలోకి దిగేసరికి ఇరవై మూడేళ్ళు నిండాయి. తోటివాళ్ళలో కొందరికి అప్పటికే అయిదారేళ్ళ సర్వీసు ఉంది.

ఇదే దారిలో ఇప్పుడు ఇంకో పేరు వినిపిస్తోంది. నెల్లూరు మూలాలున్న అమెరికా కుర్రాడు నిషేష్ బసవరెడ్డి స్టాన్‌ఫోర్డ్‌లో చదివి, 2024 చివర్లో ప్రొఫెషనల్ అయ్యాడు. కొన్ని వారాలకే 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్లో నొవాక్ జొకోవిచ్ మీద మొదటి సెట్టు గెలిచి, మ్యాచ్ ఓడాడు. కాలేజీ దారి ఆలస్యం చేస్తుందే గాని, తలుపు మూసేయదు.

మెట్ల లెక్క

టెన్నిస్‌లో జీతం లేదు. క్రికెట్ బోర్డు ఇచ్చినట్టు కాంట్రాక్టు లేదు. టికెట్టు నీదే, కింది మెట్ల టోర్నీల్లో హోటల్ కూడా నీదే, రాకెట్లకు తీగలు బిగించే ఖర్చు నీదే, కోచ్‌కు ఇచ్చేదీ నీ జేబులోంచే. మొదటి రౌండ్లో ఓడితే మరుసటి రోజు వేరే దేశానికి బస్సో విమానమో ఎక్కాలి.

అన్నిటికన్నా కింది మెట్టు, 2018 దాకా ఫ్యూచర్స్ అనిపించుకున్న టోర్నీలు. సాకేత్ మొదలుపెట్టిన రోజుల్లో ఆ టోర్నీల్లో అతి చిన్నవాటి మొత్తం ప్రైజ్ మనీ 10 వేల డాలర్లు. ముప్పై రెండు మంది సింగిల్స్ ఆటగాళ్ళు, పైగా డబుల్స్ జంటలు, అందరూ పంచుకోవాలి. వారమంతా ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు ఎత్తినవాడికి వచ్చేది అందులో దాదాపు ఏడో వంతు. వారం ఖర్చు తీసేస్తే మిగిలేదేమిటో మీరే లెక్క వేసుకోండి. దాని పై మెట్టు ఛాలెంజర్. ఆ పైన ఏటీపీ టూర్. అందరికన్నా పైన నాలుగు గ్రాండ్‌స్లామ్‌లు.

ర్యాంకు 52 వారాల లెక్క. నిరుడు ఇదే వారం సంపాదించిన పాయింట్లు ఈ వారం ఖాతాలోంచి పోతాయి. అంతకు సమానంగా మళ్ళీ సంపాదిస్తేనే ఉన్నచోట ఉంటావు. మోకాలు నొప్పి అని మూడు నెలలు ఇంట్లో కూర్చుంటే ర్యాంకు దానంతటదే జారిపోతుంది.

గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో 128 మంది ఆడతారు. అందులో 104 మందికి ర్యాంకు బట్టి నేరుగా చోటు. నిర్వాహకులు తమ ఇష్టం మీద ఇచ్చే వైల్డ్‌కార్డులు ఎనిమిది. మిగిలిన పదహారు చోట్ల కోసం 128 మంది క్వాలిఫయింగ్ ఆడతారు, మూడు రౌండ్లు. కాబట్టి 137 అంటే మెయిన్ డ్రా గుమ్మానికి ముప్పైకి పైగా మెట్ల దూరం. ప్రపంచంలో ఈ ఆట ఆడే కోట్ల మందిలో 137వ వాడు. అయినా గుమ్మం బయటే.

సాకేత్ ఈ మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. 2014లో ఇండోర్‌లో మొదటి ఛాలెంజర్ సింగిల్స్ టైటిల్. మరుసటి ఏడాది వియత్నాంలో రెండోది. 2014 సెప్టెంబర్‌లోనే ఇంచియాన్ ఆసియా క్రీడలు. ఆ క్రీడలకు రానని సానియా మీర్జా మొదట చెప్పింది. ఆ వారాల్లో టూర్ టోర్నీలు ఆడకపోతే ఆమె ర్యాంకింగ్ పాయింట్లు పోతాయి. తర్వాత మనసు మార్చుకొని వచ్చింది. సాకేత్‌తో జంట కట్టింది. హైదరాబాద్ అమ్మాయి, విశాఖ అబ్బాయి ఫైనల్లో చైనీస్ తైపీ జంటను 6-4, 6-3తో ఓడించి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం తెచ్చారు. పురుషుల డబుల్స్‌లో సనమ్ సింగ్‌తో కలిసి సాకేత్ రజతం గెలిచాడు. 2017లో అర్జున అవార్డు వచ్చింది.

న్యూయార్క్‌లో ఐదు సెట్లు

2016 ఆగస్టు. యూఎస్ ఓపెన్ క్వాలిఫయింగ్‌లో సాకేత్ మూడు మ్యాచ్‌లు గెలిచాడు. ఇరవై ఎనిమిదో ఏట మొదటిసారి గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ మెయిన్ డ్రాలో అడుగు పెట్టాడు. ఎదురుగా చెక్ ఆటగాడు యిరీ వెసెలీ. అదే ఏడాది ఏప్రిల్‌లో మాంటెకార్లోలో, నంబర్ వన్‌గా ఉన్న జొకోవిచ్‌ను ఓడించిన మనిషి.

మొదటి సెట్టు టైబ్రేక్‌లో పోయింది. రెండో సెట్టు 6-4, మూడోది 6-2తో సాకేత్‌వే. ఇంకొక్క సెట్టు గెలిస్తే రెండో రౌండు. నాలుగోది 2-6తో పోయింది. ఐదో సెట్టులో కండరాలు పట్టేశాయి. సర్వీసు కోసం ఎగరాలి, దిగాలి, ముందుకు పరుగెత్తాలి. ప్రతిదానికీ కాలు కావాలి. మూడున్నర గంటలు దాటిన మ్యాచ్ చివరికి ఐదో సెట్టు 5-7తో చేజారింది.

పేపర్లలో అది మూడు లైన్ల వార్త. మొదటి రౌండ్లోనే ఇంటిదారి. కానీ ఆ ఒక్క మ్యాచ్‌కు వచ్చిన డబ్బు 43 వేల డాలర్ల పైన. ఫ్యూచర్స్‌లో ముప్పై కప్పులు ఎత్తినా రాని మొత్తం. అట్టడుగు మెట్టుకు, పై మెట్టుకు మధ్య ఉన్న అగాధం అది. ప్రతిభలో అంత తేడా లేదు. ఐదు సెట్లు సమానంగా ఆడినవాళ్ళ మధ్య ప్రతిభ తేడా ఎంత ఉంటుంది?

మూడు వారాలు తిరక్కముందే, దేశాల జట్ల మధ్య జరిగే డేవిస్ కప్‌లో స్పెయిన్ జట్టు ఢిల్లీకి వచ్చింది. ఆర్.కె. ఖన్నా స్టేడియం.  మొదటి రోజు సింగిల్స్‌లో డేవిడ్ ఫెరర్ చేతిలో సాకేత్ చిత్తుగా ఓడాడు. మర్నాడు లియాండర్ పేస్ పక్కన నిలబడి డబుల్స్ ఆడాడు. అవతల నడాల్, మార్క్ లోపెజ్. నెల క్రితమే రియో ఒలింపిక్స్ స్వర్ణం గెలిచిన జంట. మనవాళ్ళు మొదటి సెట్టు 6-4తో గెలిచి, నాలుగు సెట్లలో ఓడారు. ఇరవై నాలుగు గంటల్లో ఒకే మనిషి రెండు రకాలుగా కనిపించాడు: సింగిల్స్‌లో నిలవలేనివాడు, డబుల్స్‌లో ప్రపంచంలోని మేటి జంటతో సమానంగా కొట్టినవాడు.

సూటబుల్ జాబ్

తర్వాత గాయాలు. ఒకటి తగ్గితే ఇంకొకటి. సింగిల్స్ ర్యాంకు కిందికి జారింది. ముప్పై దాటిన ఆటగాడికి ఆ మెట్లు మళ్ళీ ఎక్కే ఓపిక శరీరంలో ఉండదు.

ఈ సభలో ఉన్నవాళ్ళకు ఆ స్థితి నేను వివరించనక్కర్లేదు. ఇరవై ఏళ్ళు బొగ్గు బాయిలో పనిచేసిన మనిషి మెడికల్ బోర్డు ముందు నిలబడతాడు. అండర్‌గ్రౌండ్‌కు అన్‌ఫిట్ అంటారు. సర్ఫేస్‌లో సూటబుల్ జాబ్ ఇస్తారు. ఆ రోజు ఇంటికి వచ్చి అన్నం సరిగా తినని మనుషులను మనం చూశాం. జీతంలో కోత కన్నా, "ఇక బాయి దిగడంట" అనే మాట ఎక్కువ బాధపెడుతుంది. కానీ ల్యాంప్ రూమ్‌లో మనిషి లేకపోతే, ఛార్జి అయిన క్యాప్ ల్యాంపు చేతికి రాకపోతే, ఏ షిఫ్టులోనైనా ఎవరైనా బాయి దిగుతారా? అది తక్కువ పని కాదు. వేరే పని.

టెన్నిస్‌లో డబుల్స్ అంతే. సింగిల్స్ ఆడలేనివాళ్ళ ఆట అని లోకం చిన్నచూపు చూస్తుంది. ప్రైజ్ మనీ తక్కువ, అదీ ఇద్దరు పంచుకోవాలి. టీవీలో చూపించేది తక్కువ. కానీ ఆ పని వేరు, దాని నేర్పు వేరు.

ఒక్క పాయింటు దగ్గరగా చూపిస్తాను. టూర్ డబుల్స్‌లో 40-40 అయితే అడ్వాంటేజ్ ఉండదు. ఒకే పాయింటు, ఎవరు గెలిస్తే గేమ్ వాళ్ళది. సర్వీసు ఏ పక్కకు రావాలో ఎంచుకునే హక్కు రిసీవ్ చేసే జంటది. సర్వ్ చేసేవాడి జోడీదారు నెట్ దగ్గర, కోర్టు మధ్య గీత మీద, దాదాపు మోకాళ్ళ మీదికి వంగి కూర్చుంటాడు. సర్వీసు అతని తల మీదుగా పోవాలి. వీపు వెనక అతని వేళ్ళు సైగ చేస్తాయి: బంతి ఎటు వేయాలి, వేయగానే నేను ఎటు దూకుతాను. వెనకున్నవాడు తలూపుతాడు. బంతి పడిన క్షణంలో ముందున్నవాడు కుడికో ఎడమకో దూకుతాడు. వెనకున్నవాడు ఖాళీ అయిన పక్కకు పరుగెత్తుతాడు. అవతలివాడికి ఆలోచించుకోవడానికి సెకను కూడా దొరకదు. సెట్లు చెరొకటి అయితే మూడో సెట్టు ఉండదు, పది పాయింట్ల టైబ్రేక్ ఉంటుంది. తప్పు చేసి దిద్దుకునే వ్యవధి ఈ ఆటలో లేదు. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి సర్వీసు విలువ ఇక్కడ రెండింతలు. అతను బేస్‌లైన్ మీద గంటల తరబడి పరుగెత్తనక్కర్లేదు.

ఈ మార్పు అవమానం కాదని సాకేత్ కన్నా ముందు చూపించింది సానియా. 2005 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, మహిళల టూర్ అయిన డబ్ల్యూటీఏలో సింగిల్స్ టైటిల్ సాధించిన మొదటి భారత మహిళ అయింది. అదే ఏడాది యూఎస్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్ళింది. 2007 ఆగస్టులో సింగిల్స్ ర్యాంకు 27. భారత మహిళల్లో ఎవరూ అంత పైకి వెళ్ళలేదు. 2008లో మణికట్టు శస్త్రచికిత్స. ఆ చెయ్యి ఇక సింగిల్స్ భారం మోయలేదని తేలడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. 2013 నాటికి సింగిల్స్ వదిలేసింది. అప్పుడు ఆమె కథ అయిపోయిందన్నవాళ్ళు ఉన్నారు. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయింది. ఆ స్థానంలో మొత్తం 91 వారాలు ఉంది. మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్, యూఎస్ ఓపెన్, ఆస్ట్రేలియన్ ఓపెన్ వరుసగా గెలిచింది. ఇద్దరూ కలిసి ఒక దశలో 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడారు. ఆమె ఫోర్‌హ్యాండ్‌కు ఏమీ కాలేదు. అది పనికొచ్చే చోటును ఆమె వెతుక్కుంది.

సాకేత్ 2022లో యూకీ భాంబ్రీతో జంట కట్టాడు. యూకీ ఒకప్పుడు జూనియర్ ఆస్ట్రేలియన్ ఓపెన్ ఛాంపియన్, సింగిల్స్‌లో మొదటి నూరులోకి వెళ్ళినవాడు. మోకాలు దెబ్బతిని ఏళ్ళ తరబడి ఆటకు దూరమయ్యాడు. దెబ్బతిన్న ఇద్దరు సింగిల్స్ ఆటగాళ్ళు కలిసి ఆ ఒక్క ఏడాదిలో పలు ఛాలెంజర్ డబుల్స్ టైటిళ్ళు గెలిచారు. సాకేత్ డబుల్స్‌లో మొదటి నూరులోకి వచ్చాడు. 2023 సెప్టెంబర్‌లో, హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రామ్‌కుమార్ రామనాథన్‌తో మళ్ళీ రజతం. ఇంచియాన్ నుంచి అప్పటికి తొమ్మిదేళ్ళు. ముప్పై అయిదో ఏట అది. యూకీ అయితే 2025లో మైకేల్ వీనస్‌తో యూఎస్ ఓపెన్ డబుల్స్ సెమీఫైనల్ ఆడాడు.

జర్మనీ నుంచి ఒక జంట

2023 ఆస్ట్రేలియన్ ఓపెన్ మొదటి రౌండ్లో సాకేత్, యూకీ మూడు సెట్లు పోరాడి ఓడారు. అవతల జాన్ పీర్స్, ఆండ్రియాస్ మీస్. ఈ మీస్ జర్మన్. అతనూ అమెరికా కాలేజీ దారిలో వచ్చినవాడే. చదివింది ఆబర్న్ యూనివర్సిటీలో. అది కూడా అలబామా రాష్ట్రంలోనే ఉంది. సింగిల్స్‌లో మీస్ పేరు ఎవరికీ తెలియదు.

మీస్ తన దేశానికే చెందిన కెవిన్ క్రావీట్జ్‌తో కలిసి 2019లో ఫ్రెంచ్ ఓపెన్ డబుల్స్ గెలిచాడు. 1937 తర్వాత ఆ కప్పు గెలిచిన మొదటి జర్మన్ జంట వాళ్ళదే. 2020లో మళ్ళీ గెలిచారు. ఈ రెండు కప్పుల మధ్య కరోనా వచ్చింది, టోర్నీలు ఆగిపోయాయి. అప్పుడు క్రావీట్జ్ మ్యూనిక్‌లో ఒక సూపర్‌మార్కెట్‌లో నెలకు 450 యూరోల పనికి కుదిరాడు. అట్టపెట్టెలు తీయడం, అరల్లో సరుకు సర్దడం. ఫ్రెంచ్ ఓపెన్ ఛాంపియన్! అక్కడివాళ్ళు దాన్ని వింతగా చూశారే గాని, చిన్నతనంగా చూడలేదు. కొన్ని నెలల తర్వాత అతను పారిస్ వెళ్ళి కప్పు నిలబెట్టుకున్నాడు.

జర్మనీలో ఇంకోటి ఉంది. ఆ దేశపు టెన్నిస్ సమాఖ్యలో 14 లక్షల మందికి పైగా సభ్యులు. చిన్న చిన్న ఊళ్ళలో కూడా టెన్నిస్ క్లబ్బులు. వేసవిలో ఆ క్లబ్బుల మధ్య లీగ్ మ్యాచ్‌లు జరుగుతాయి. పై స్థాయి లీగుల్లో ఒక్కో మ్యాచ్‌కు ఆటగాళ్ళకు డబ్బు ఇస్తారు, బయటి దేశాలవాళ్ళను కూడా పిలుస్తారు. రెండు వందలో, మూడు వందలో ర్యాంకు ఉన్నవాడికి ఆ వేసవి సంపాదన మిగతా ఏడాది టికెట్లకు పనికొస్తుంది. బోరిస్ బెకర్‌ను, స్టెఫీ గ్రాఫ్‌ను అందరూ చూశారు. వాళ్ళ వెనక మధ్య మెట్ల మీద ఉన్నవాళ్ళకు తిండి పెట్టిన క్లబ్బులను ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మనం చేయగలిగింది

మా ప్రాంతంలో టాలెంట్ లేదు అనే మాట నేను ఒప్పుకోను. ఇక్కడి ప్రగతి స్టేడియంలో సాయంత్రం అయిదు గంటలకు వెళ్ళి నిలబడితే మీరూ ఒప్పుకోరు. పిల్లలు పన్నెండేళ్ళకు బాగా ఆడతారు, పదహారేళ్ళకు జిల్లా జట్టులో ఉంటారు, పద్దెనిమిదికి మాయమవుతారు. మనం రెండు చివర్లలో ఖర్చు పెడతాం. చిన్న పిల్లలకు వేసవి శిబిరాలు, గెలిచి వచ్చినవాళ్ళకు సన్మానాలు. మధ్యలో ఉన్న ఆరేడేళ్ళ ఖర్చు తండ్రి ప్రావిడెంట్ ఫండు మీద పడుతుంది. లేదా ఆట ఆగిపోతుంది. సాకేత్‌కు ఆ మధ్య కాలాన్ని ఒక విదేశీ యూనివర్సిటీ మోసింది. సానియాకు ఇంట్లోవాళ్ళు మోశారు. ఆ రెండూ లేని పిల్లకు ఎవరు మోస్తారు?

మూడు చిన్న పనులు అడుగుతున్నాను. ఈ ఏరియాలో ఉన్న టెన్నిస్ కోర్టుల్లో ఏదో ఒకటి రోజుకు రెండు గంటలు, అర్జీ లేకుండా, ఏ కార్మికుడి బిడ్డకైనా తెరిచి ఉంచండి. పద్దెనిమిది దాటిన ఆటగాళ్ళలో కనీసం ఇద్దరికి, ఏ ఆటైనా సరే, మూడేళ్ళ పాటు రైలు టికెట్టు, బస ఖర్చు భరించండి. కప్పు తెస్తేనే అనే షరతు పెట్టొద్దు. ప్రతి నెలా ఎన్ని పోటీలు ఆడారో రాసివ్వమని మాత్రం అడగండి. మూడోది, ఆట ఆగిపోయినవాళ్ళకు ఇంకో పాత్ర చూపించండి. అంపైరింగ్, కోచింగ్, రాకెట్లకు తీగలు బిగించడం, ఫిజియో పని. ఇవన్నీ బతుకు తెరువులే, ఇవన్నీ ఆటను నిలబెట్టే పనులే.

ఇవి సన్మాన సభల కన్నా తక్కువ ఖర్చు పనులు. ఈ స్మారక సభకు ఏటా అయ్యే పూలదండల ఖర్చు, షామియానా ఖర్చు కలిపితే ఒక ఆటగాడికి కొన్ని టోర్నీల ప్రయాణం వస్తుంది. వచ్చే ఏడాది నుంచి దండలు మానేసి ఆ పని చేద్దామని నిర్వాహకులకు నా ప్రతిపాదన. మొదటి విరాళం నాది, సభ అయ్యాక రాసిస్తాను. ఇక ప్రశ్నలు అడగండి. ముందు పిల్లలు.